తలలో క్లిప్ ఉన్నవారికి స్కాన్ ఏం చూపిస్తుంది?

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం నుంచి సాలువా వైపు వెళ్లే దారిలో ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకుందాం. ఇంటిపెద్ద రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. రెండేళ్ల కిందట ఆయన భార్యకు ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి వచ్చింది. వాంతులయ్యాయి, స్పృహ తప్పింది. కోల్‌కతాకు తీసుకెళ్తే మెదడులో రక్తనాళం ఒకచోట ఉబ్బి చిట్లిందని చెప్పారు. తొడ దగ్గరి ధమని నుంచి సన్నని గొట్టం పంపి, ఆ ఉబ్బును ప్లాటినం తీగచుట్టలతో నింపారు. ఆమె కోలుకున్నారు. ఇప్పుడు మళ్లీ తలనొప్పి మొదలైంది. దగ్గర్లో ఉన్న స్కానింగ్ కేంద్రంలో సీటీ యాంజియోగ్రామ్ తీయించారు. రిపోర్టు రెండు పేజీలుంది. తెలుసుకోవాల్సిన విషయం మీద మాత్రం ఒకే వాక్యం: లోహం వల్ల ఏర్పడిన చారల కారణంగా ఆ ప్రాంతాన్ని అంచనా వేయడం సాధ్యం కాలేదు.

ఆ వాక్యంలో అబద్ధం లేదు. కనిపించనిది కనిపించలేదని రాయడం రేడియాలజిస్టు నిజాయితీ. కానీ ఆ కుటుంబం డబ్బు పెట్టి, రంగుమందు ఎక్కించుకుని, ఎక్స్-రే మోతాదు భరించి తీయించుకున్నది సరిగ్గా ఆ ప్రాంతాన్ని చూడటానికే. మిగిలిన తల అంతా బాగుందని తెలిస్తే వాళ్లకు ఒరిగేది తక్కువ. ఇలాంటి స్కాన్లలో చాలావాటిని మరింత స్పష్టంగా తీయవచ్చు. అందుకు కావలసింది ప్రతిసారీ కొత్త యంత్రమే కానక్కర్లేదు. ముందుగా కావలసింది ఆ తలలో ఉన్నది ఏ లోహమో, ఏ ఆకారమో స్కాన్ తీసేవారికి తెలియడం. కోట్ల రూపాయల సాఫ్ట్‌వేర్ గురించి జరిగినంత చర్చ ఈ చిన్న సమాచారం గురించి జరగడం లేదు.

ఇళ్లలో దీన్ని ‘మెదడులో నరం చిట్లింది’ అంటారు. చిట్లేది నిజానికి నరం కాదు, ధమని. ధమని గోడ ఒకచోట బలహీనపడి బుడగలా ఉబ్బుతుంది. దాన్నే వైద్యులు ఎన్యురిజం అంటారు. అది పగిలితే మెదడు చుట్టూ రక్తం చేరుతుంది, ప్రాణాపాయం. అది మళ్లీ పగలకుండా చూడటానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది పుర్రె తెరిచి, బుడగ మెడ దగ్గర లోహపు క్లిప్ బిగించడం. అమెరికన్ సర్జన్ వాల్టర్ డాండీ 1937లో వెండి క్లిప్‌తో ఈ పని చేశారు. రెండోది రక్తనాళం లోపలి నుంచే వెళ్లి, బుడగలో మెత్తని ప్లాటినం తీగను చుట్టలు చుట్టలుగా నింపడం. గిడో గుగ్లియెల్మీ అనే ఇటలీ వైద్యుడు కాలిఫోర్నియాలో ఈ పద్ధతిని రూపొందించారు. 1990లో తొలిసారి రోగిపై వాడారు. 1995లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి దొరికింది. 2002లో వెలువడిన ఐశాట్ పరిశోధన, రెండు పద్ధతులకూ అనువైన 2,143 మంది రోగులను పోల్చింది. ఏడాది తర్వాత చనిపోయినవారు, ఇతరులపై ఆధారపడి బతకాల్సి వచ్చినవారు క్లిప్ వర్గంలో 30.6 శాతం, కాయిల్ వర్గంలో 23.7 శాతం. ఆ తర్వాత ప్రపంచమంతటా కాయిల్ వాడకం పెరిగింది.

అయితే కాయిల్‌కు ఒక షరతు ఉంది. బుడగలో కుక్కిన తీగ కాలక్రమేణా లోపలికి నొక్కుకుపోవచ్చు, మెడ దగ్గర మళ్లీ రక్తం ప్రవేశించవచ్చు. కాయిల్ పెట్టిన బుడగల్లో సుమారు అయిదింట ఒకటి కొంతవరకు మళ్లీ తెరుచుకుంటుందని అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. వాటిలో సగానికి మళ్లీ చికిత్స అవసరమైంది. అందుకే ఆరు నెలలకు, ఆ తర్వాత కొన్నేళ్లపాటు స్కాన్లు తీయించుకోమంటారు. చికిత్సలో ఇదొక భాగమే కానీ అదనపు జాగ్రత్త కాదు. ఆ స్కాన్‌లో చూడాల్సింది రెండు మూడు మిల్లీమీటర్ల సందు. అది ఉండేది లోహం పక్కనే. స్కాన్ యంత్రం అన్నిటికంటే ఎక్కువ తడబడేది కూడా అక్కడే.

ఎందుకు తడబడుతుందో అర్థం కావాలంటే సీటీ యంత్రం చేసే లెక్క తెలియాలి. 1971 అక్టోబర్ 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ యంత్రం తొలిసారి ఒక రోగి తలను చిత్రించింది. దాని మూలసూత్రం నేటికీ మారలేదు. ఎక్స్-రే గొట్టం తల చుట్టూ తిరుగుతుంది. ఎదురుగా డిటెక్టర్లు, తల దాటి వచ్చిన కిరణాల బలాన్ని కొలుస్తాయి. ఒక్కో కిరణం తన దారిలో మొత్తం ఎంత అడ్డు పడిందో మాత్రమే చెబుతుంది, ఎక్కడ పడిందో చెప్పదు. దాదాపు వెయ్యి కోణాల నుంచి ఇలాంటి మొత్తాలను తీసుకుని, లోపల ఏ బిందువు దగ్గర ఎంత అడ్డు ఉందో కంప్యూటర్ వెనక్కి లెక్కకడుతుంది. కిరాణా కొట్టు చీటీలో మొత్తాలు మాత్రమే ఉండి, ఒక్కో సరుకు ధర కనుక్కోవడం లాంటి పని ఇది. చీటీలు తగినన్ని ఉంటే ధరలు తేలుతాయి. కొన్ని చీటీల్లో మొత్తం తప్పు పడితే మాత్రం ఆ తప్పు ఒక్క సరుకు దగ్గర ఆగదు, అన్ని ధరల్లోకీ పాకుతుంది.

ప్లాటినం చేసేది సరిగ్గా అదే. దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు 21 గ్రాములకు పైనే, పరమాణు సంఖ్య 78. చుట్టలు చుట్టలుగా కుక్కిన ప్లాటినం గుండా వెళ్లే కిరణాల్లో డిటెక్టర్‌ను చేరేవి అతి కొద్ది. లెక్కలో ఆ కొలత లాగరిథమ్‌గా మారుతుంది. సున్నాకు దగ్గరగా ఉన్న సంఖ్యకు లాగరిథమ్ తీస్తే చిన్న హెచ్చుతగ్గు కూడా భారీగా పెరుగుతుంది. ఫలితంగా లోహం నుంచి నలువైపులా వెలుగు చారలు, చీకటి చారలు. దీనికి ఇంకో సమస్య తోడవుతుంది. సీటీ గొట్టం నుంచి వచ్చే ఎక్స్-రేలన్నీ ఒకే శక్తి ఉన్నవి కావు. లోహం తక్కువ శక్తి ఉన్నవాటిని ముందే మింగేసి, ఎక్కువ శక్తి ఉన్నవాటిని వదులుతుంది. వచ్చేది మొదట బయలుదేరిన పుంజం కాదు, దానికంటే గట్టిపడిన పుంజం. కంప్యూటర్ మాత్రం అదే పుంజం అనుకుని లెక్క వేస్తుంది. అందుకే రెండు లోహపు ముక్కల మధ్య, లేదా లోహానికీ పుర్రె అడుగు ఎముకకూ మధ్య నల్లని పట్టీ ఏర్పడుతుంది. ఆ పట్టీలో పడిన ధమని మూసుకుపోయినట్టు కనిపించవచ్చు. వెలుగు చార ధమని మీద పడితే బుడగ తిరిగి నిండినట్టూ అనిపించవచ్చు. లేనిదాన్ని ఉన్నట్టు, ఉన్నదాన్ని లేనట్టు చూపే ఈ దోషాన్నే ఆర్టిఫ్యాక్ట్ అంటారు.

టైటానియం సంగతి వేరు. దాని సాంద్రత 4.5 గ్రాములు, పరమాణు సంఖ్య 22. టైటానియం క్లిప్ ఉన్న తలను సీటీలో చూడటం ప్లాటినం కాయిల్ ఉన్న తలను చూడటం కంటే చాలా సులువు. కోబాల్ట్ మిశ్రమంతో చేసిన క్లిప్పులు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. ‘తలలో మెటల్ ఉంది’ అనే ఒక్క మాటకు ఇన్ని అర్థాలున్నాయి.

దోషాన్ని తగ్గించే దారులు చాలా ఉన్నాయి. చవకైనవి ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే వాటినే ఎక్కువగా మరిచిపోతారు. కట్టుడు పళ్లు, చెవిదిద్దులు, ముక్కుపుడక, జడపిన్నులు తీయించడం మొదటిది. తలను కొంచెం వంచి, లేదా యంత్రపు చట్రాన్ని వంచి, పంటిలో నింపిన లోహమూ క్లిప్పూ చూడాల్సిన ధమనితో ఒకే తలంలో పడకుండా చేయడం రెండోది. క్లిప్ పొడవుగా ఉంటుంది కాబట్టి కిరణం దాని పొడవునా కాకుండా అడ్డంగా దాటేలా తలను ఉంచగలిగితే చారలు చాలావరకు తగ్గుతాయి. వోల్టేజీ పెంచడం, పలుచని ముక్కలుగా తీయడం, హౌన్స్‌ఫీల్డ్ కొలమానాన్ని విస్తరించి చూడటం మరికొన్ని. వీటికి కావలసింది టెక్నీషియన్‌కు అయిదు నిమిషాల సమయం. రోజుకు పదుల సంఖ్యలో రోగులు వరుసకట్టే కేంద్రంలో ఆ అయిదు నిమిషాలే అన్నిటికంటే ఖరీదైనవన్నది వేరే విషయం.

తర్వాతి మెట్టు లెక్కల సాయం. 1987లో జర్మనీకి చెందిన విల్లీ కలెండర్, ఆయన సహచరులు ఒక సరళమైన ఉపాయం ప్రచురించారు. లోహం గుండా వచ్చిన కొలతలను నమ్మలేం కాబట్టి వాటిని పారేసి, అటూ ఇటూ ఉన్న మంచి కొలతల ఆధారంగా ఆ ఖాళీని పూరించాలి. ఆ తర్వాతే బొమ్మ కట్టాలి. చారలు తగ్గాయి. కానీ పూరించిన కొలతలు ఊహించినవే. లోహానికి ఆనుకుని ఉన్న ఎముక, ధమని సమాచారం కూడా పారేసిన కొలతల్లోనే ఉంది. దాంతో కొత్త రకం చారలు, మసక వచ్చాయి. 2010లో ఎస్తర్ మేయర్ బృందం ఈ లోటును తగ్గించింది. ముందుగా తల ఎలా ఉంటుందో ఒక ముతక నమూనా వేసుకుని, దానితో కొలతలను సరిపోల్చి, ఆ తర్వాత పూరించడం వారి పద్ధతి. నేడు పెద్ద కంపెనీల సీటీ యంత్రాలతో వచ్చే లోహదోష నివారణ సాఫ్ట్‌వేర్లు ఇలాంటి ఆలోచనల మీదే నిలబడ్డాయి.

మూడో మెట్టు రెండు శక్తులతో తీసే సీటీ. రెండు వేర్వేరు శక్తుల పుంజాలతో కొలిస్తే, ఒకే శక్తి ఉన్న ఎక్స్-రేతో తీసినట్టుండే బొమ్మను లెక్కగట్టి తయారుచేయవచ్చు. ఆ శక్తిని వంద కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు పైకి జరిపితే లోహపు చారలు తగ్గుతాయి. మోకాలి కీలు, తుంటి కీలు చుట్టూ చూసేవారికి ఇది గొప్ప వరం. మెదడు రక్తనాళాలు చూసేవారికి మాత్రం ఇక్కడొక చిక్కు ఎదురవుతుంది. రక్తనాళం కనిపించేది దానిలోకి ఎక్కించిన అయొడిన్ మందు వల్ల. అయొడిన్ ఎక్కువగా మెరిసేది తక్కువ శక్తి దగ్గర, 40-60 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య. శక్తి పెంచినకొద్దీ చారలతోపాటు ధమని కూడా వెలిసిపోతుంది. దుమ్ము దులపబోతే రంగు కూడా రాలినట్టు. కాబట్టి శక్తి ఒక్కటే పెంచితే చాలదు, దాన్నీ పూరణ పద్ధతినీ కలిపి వాడాలి. మధ్యస్థమైన శక్తి దగ్గర ఒక బొమ్మ, ఎక్కువ శక్తి దగ్గర మరో బొమ్మ పక్కపక్కన పెట్టి చూడాలి. కాయిల్ మరీ దట్టంగా ఉండి కిరణాలే దాటకపోతే రెండు శక్తులైనా మూడు శక్తులైనా చేసేదేమీ ఉండదు. రాని కాంతిని ఏ లెక్కా సృష్టించలేదు. 2021 సెప్టెంబర్‌లో అమెరికాలో అనుమతి పొందిన ఫోటాన్ కౌంటింగ్ సీటీ ఒక్కో ఎక్స్-రే కణాన్ని దాని శక్తితో సహా లెక్కపెడుతుంది, సూక్ష్మమైన వివరాలు కూడా చూపుతుంది. దాని మీద ఆశ పెట్టుకోవచ్చు. జిల్లా పట్టణాల దాకా అది రావడానికి మాత్రం చాలా కాలం పడుతుంది.

అసలు వాదన ఇక్కడ మొదలవుతుంది. దోషం తగ్గించిన బొమ్మ అందంగా ఉంటుంది. చారలు లేని బొమ్మను చూసిన రోగి సంతోషిస్తారు, పంపిన వైద్యుడూ తృప్తి పడతారు. కానీ ఆ బొమ్మలో లోహం చుట్టూ ఉన్న భాగం కొలిచి తెలుసుకున్నది కాదు, చాలావరకు పూరించినది. పూరించే పద్ధతి సన్నని ధమనిని చారగా భావించి చెరిపేయవచ్చు. ఏమీ లేనిచోట ధమని సన్నబడినట్టు చూపవచ్చు. స్టెంట్ అంచును మింగేయవచ్చు. చారలున్న బొమ్మ తన లోపాన్ని తానే బయటపెడుతుంది, చూసేవారు జాగ్రత్తపడతారు. శుభ్రం చేసిన బొమ్మ అలా చేయదు. కృత్రిమ మేధతో చేసే కొత్త పద్ధతుల్లో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. వేల తలలను చూసి నేర్చుకున్న నెట్‌వర్క్, లోహం కింద సగటు మనిషికి ఉండాల్సిన ధమనిని గీసి చూపగలదు. ఆ రోగికి అక్కడ ఉన్నది సగటు ధమని కాదు. సగటు కానందువల్లే ఆమె తలలోకి ప్లాటినం వెళ్లింది.

దీనర్థం ఈ పద్ధతులు వద్దని కాదు. అవి ఎంతో ఉపయోగపడతాయి. అయితే శుభ్రం చేసిన బొమ్మ ఎప్పుడూ ఒంటరిగా వెళ్లకూడదు. అసలు బొమ్మ, సవరించిన బొమ్మ రెండూ రోగికిచ్చే సీడీలో ఉండాలి, సవరించినదని బొమ్మ మీదే రాసి ఉండాలి. ఏ పద్ధతి వాడారో రిపోర్టులో ఒక వాక్యం ఉండాలి. దీనికి అదనంగా పైసా ఖర్చు లేదు. యంత్రం రెండింటినీ ఎలాగూ తయారుచేస్తుంది. ఫైళ్లు పెరుగుతాయని, ఫిల్ముల సంఖ్య పెరుగుతుందని కొన్ని కేంద్రాలు ఒకటే ఇస్తాయి. ఆరు నెలల తర్వాత మరో ఊళ్లో మరో వైద్యుడు రెండు స్కాన్లు పోల్చేటప్పుడు, ఒకటి సవరించినదో కాదో తెలియకపోతే, బుడగ పెరిగిందా లేక సాఫ్ట్‌వేర్ మారిందా అన్నది తేల్చుకోవడం కష్టం.

మరి సీటీ బదులు ఎమ్మారై తీస్తే? చాలామంది ఇళ్లలో ఎమ్మారై అంటే ‘పెద్ద స్కాన్’. సీటీలో తేలనిది దానిలో తేలుతుందని నమ్మకం. ఇందులో సగం నిజం ఉంది. ఎమ్మారైకి సాంద్రతతో పనిలేదు, అయస్కాంత స్వభావంతో పని. ప్లాటినం అయస్కాంత క్షేత్రాన్ని పెద్దగా కలవరపెట్టదు. అందుకే సీటీని గుడ్డిదాన్ని చేసే కాయిల్ ఎమ్మారై యాంజియోగ్రామ్‌లో చిన్న నల్లమచ్చగా సర్దుకుని, మెడ దగ్గర రక్తప్రవాహాన్ని బాగానే చూపనిస్తుంది. కాయిల్ తర్వాతి పరీక్షలకు రంగుమందు అవసరం లేని ఎమ్మారై యాంజియోగ్రామ్‌ను విరివిగా ఎంచుకోవడానికి కారణం ఇదే. క్లిప్ విషయంలో కథ తలకిందులు. టైటానియం క్లిప్ సైతం తన చుట్టూ క్షేత్రాన్ని చెదరగొట్టి నల్లని గుంట మిగులుస్తుంది, కోబాల్ట్ మిశ్రమమైతే గుంట ఇంకా పెద్దది. యంత్రం బలం 1.5 టెస్లా నుంచి 3 టెస్లాకు పెరిగితే ఈ చెదురు కూడా పెరుగుతుంది. పెద్ద యంత్రమే మంచి యంత్రమని ఇక్కడ అనుకోవడానికి లేదు. స్టెంట్ ఉంటే ఇంకో మాయ. లోహపు జల్లెడ రేడియో తరంగాలను లోపలికి పోనివ్వదు. రక్తం చక్కగా పారుతున్నా లోపల నల్లగా కనిపించి, మూసుకుపోయిందన్న భయం కలుగుతుంది. సంకేతాన్ని అతి తక్కువ వ్యవధిలో పట్టుకునే కొత్త పద్ధతులు ఈ లోపాన్ని తగ్గిస్తున్నాయి. కాంట్రాస్ట్ మందు ఇచ్చి తీసే ఎమ్మారై యాంజియోగ్రామ్ కూడా కొంత మేలు చేస్తుంది.

మొత్తం మీద క్లిప్ అయితే సీటీ వైపు, కాయిల్ అయితే ఎమ్మారై వైపు మొగ్గాలి. స్టెంట్ అయితే ఏ స్టెంటో చూసి నిర్ణయించాలి. ఈ మాత్రం నియమం పాటించినా ఆ సాలువా దారిలోని ఇల్లాలికి తీసిన సీటీ బహుశా అవసరమయ్యేదే కాదు. కాకపోతే దాన్ని పాటించాలంటే తలలో ఉన్నదేమిటో తెలియాలి.

తెలియకపోతే బొమ్మ పాడవడంతో ఆగకపోవచ్చు. పాత క్లిప్పుల్లో కొన్ని ఇనుములా అయస్కాంతానికి లాగబడేవి. 1990ల తొలినాళ్లలో అమెరికాలో అలాంటి క్లిప్ ఉన్న రోగిని, అది సురక్షితమైన రకమని పొరపాటుపడి, ఎమ్మారైకి పంపారు. యంత్రంలో క్లిప్ కదిలి, రక్తస్రావంతో ఆ రోగి మరణించారు. ఇప్పుడు వాడే క్లిప్పులు, కాయిల్స్ చాలావరకు ఎమ్మారైకి అనువైనవే. అయినా ఏ రకమో చెప్పే కాగితం లేకపోతే జాగ్రత్తగల కేంద్రం స్కాన్ తీయడానికి నిరాకరిస్తుంది, నిరాకరించాలి కూడా. అప్పుడు రోగికి మిగిలేది సీటీ, దాని చారలు. రిపోర్టులోని ఆ ఒక్క వాక్యం ఇలా పుడుతుంది.

ఖరగ్‌పూర్ లాంటి చోట ఈ కాగితం ఎందుకు తప్పిపోతుందో చూడటం కష్టం కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగువారు ఈ పట్టణంలో పెద్ద సంఖ్యలో ఉన్నారు. 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు రాష్ట్రంలో అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు ముందుగా వినిపించిన ఊరి పేరు ఇదే. ఇక్కడి కుటుంబం ఆపరేషన్ కోల్‌కతాలో చేయించుకోవచ్చు, రెండో స్కాన్ పట్టణంలో తీయించవచ్చు, ఆ తర్వాత బంధువులున్నారని ఒక రాత్రి రైలెక్కి విశాఖపట్నంలో చూపించుకోవచ్చు. డిశ్చార్జి కాగితం ఇంగ్లిష్‌లో ఉంటుంది. నర్సు బెంగాలీలో వివరిస్తుంది. ఇంట్లో తెలుగులో ‘తలలో స్ప్రింగు పెట్టారు’ అని గుర్తుంచుకుంటారు. మూడు భాషలు దాటేసరికి క్లిప్పో కాయిలో స్టెంటో తేలదు. స్ప్రింగు అన్న మాట తప్పేమీ కాదు, కాయిల్‌కు అది చక్కని తెలుగే. కానీ స్టెంట్‌ను కూడా స్ప్రింగనే అంటారు, గుండెకు వేసినా అదే మాట. అడిగే టెక్నీషియన్‌కు అది చాలదు.

అందుకని ఇంప్లాంట్ కార్డు విషయంలో పట్టుబట్టాల్సిన అవసరం ఉంది. పరికరం పెట్టెతో వచ్చే స్టిక్కర్‌లో తయారీదారు, నమూనా, లాట్ సంఖ్య ఉంటాయి. ఆపరేషన్ గదిలో అది కేస్ షీటుకు అతుకుతుంది, కేస్ షీటు ఆసుపత్రి రికార్డు గదిలో ఉండిపోతుంది. ఆ స్టిక్కర్ రెండో ప్రతి రోగి చేతికి రావాలి. దాని కింద మూడు ముక్కలు రోగి భాషలో రాసి ఉండాలి: ఏం పెట్టారు, తలలో ఏ వైపు పెట్టారు, తర్వాతి పరీక్షకు ఏ స్కాన్ మేలు. రైల్వే ఉద్యోగులకూ పెన్షనర్లకూ ఉమీద్ వైద్య గుర్తింపు కార్డు ఉంది. 2021 సెప్టెంబర్‌లో దేశమంతటికీ విస్తరించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఆరోగ్య ఖాతా సంఖ్యలు ఇస్తున్నారు. శరీరంలోని లోహం వివరాలకు ఈ రికార్డుల్లో తప్పనిసరి గడి ఒకటి ఉంటే, రోగి ఏ ఊరి స్కానింగ్ కేంద్రానికి వెళ్లినా సమాచారం వెంట వస్తుంది. అలర్జీలకు ఇచ్చే ప్రాధాన్యం దీనికీ ఇవ్వాలి.

‘అనుమానం ఉంటే ఎలాగూ డీఎస్ఏ చేస్తారు కదా, ఇంత హడావుడి ఎందుకు’ అనే అభ్యంతరం నాడీశస్త్ర వైద్యుల నుంచి రావచ్చు. డీఎస్ఏ అంటే ధమనిలోకి గొట్టం పంపి, మందు ఎక్కించక ముందూ ఎక్కించిన తర్వాతా తీసిన ఎక్స్-రే బొమ్మలను ఒకదాని నుంచి ఒకటి తీసివేసే పరీక్ష. పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ 1927లో మొదలుపెట్టిన మెదడు యాంజియోగ్రఫీకి ఇది నేటి రూపం. లోహం రెండు బొమ్మల్లోనూ ఉంటుంది కాబట్టి తీసివేతలో చాలావరకు పోతుంది. నేటికీ ప్రామాణిక పరీక్ష అదే, అందులో సందేహం లేదు. ప్రమాదం కూడా తక్కువే: మయో క్లినిక్ 2007లో ప్రచురించిన సుమారు 20 వేల పరీక్షల సమీక్షలో శాశ్వత వైకల్యం మిగిల్చిన పక్షవాతం 0.14 శాతం మందికే వచ్చింది. అయినా అది ఆసుపత్రిలో చేరాల్సిన పరీక్ష, నిపుణుడు కావలసిన పరీక్ష. ఖరగ్‌పూర్ నుంచి హౌరా 115 కిలోమీటర్లు. రెండు రోజుల కూలి, తోడు వచ్చేవారి సెలవు, బస ఖర్చు వెరసి చాలా కుటుంబాలు తర్వాత చూద్దామని వాయిదా వేస్తాయి. మళ్లీ నిండుతున్న బుడగకు ఆ వాయిదాతో సంబంధం లేదు. దగ్గర్లో తీసిన మొదటి స్కాన్ నమ్మదగినదిగా ఉంటే, ఎవరు హౌరా రైలెక్కాలో, ఎవరు ఇంట్లో ఉండవచ్చో తేలుతుంది.

పరిశోధకులు చేయగలిగింది కూడా కొంత ఉంది. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ, బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ సహకారంతో నికెల్-టైటానియం మిశ్రమాన్ని వాడి మెదడు ధమనుల కోసం ఫ్లో డైవర్టర్ స్టెంట్‌ను రూపొందించింది. 2021 ఆరంభంలో ఆ పరిజ్ఞానాన్ని పుణె కంపెనీకి బదిలీ చేస్తున్నట్టు ప్రకటించింది. విదేశాల నుంచి లక్షలు పోసి తెప్పించుకునే పరికరం ఇక్కడే తయారవడం గొప్ప సంగతి. ఇలాంటి ప్రతి దేశీయ పరికరానికీ బలం, తుప్పు, రక్తంతో పొసగడం పరీక్షించినట్టే, స్కాన్‌లో అది వేసే నీడ ఎంతో కూడా కొలిచి, ఆ కొలతను పరికరంతోపాటు ప్రచురించాలి. ఎమ్మారైలో ఇంప్లాంట్ నీడను కొలవడానికి ఏఎస్‌టీఎమ్ ఎఫ్2119 అనే అంతర్జాతీయ ప్రమాణం ఎప్పటి నుంచో ఉంది. 1.5 టెస్లా దగ్గర ఎంత, 3 టెస్లా దగ్గర ఎంత, సీటీలో ఏ శక్తి దగ్గర ధమని బాగా కనిపిస్తుంది అన్న ఒక్క పేజీ పట్టిక జిల్లా రేడియాలజిస్టు బల్ల మీద ఉంటే అది పది సెమినార్ల పెట్టు.

ఆ పట్టిక తయారీకి సాలువా పక్కనే చోటు ఉంది. 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఐఐటీ ఖరగ్‌పూర్‌లో 2001 నుంచి వైద్య శాస్త్ర సాంకేతిక విభాగం పనిచేస్తోంది. వైద్యులూ ఇంజనీర్లూ ఒకేచోట చదివే అరుదైన విభాగం అది. ప్లాస్టిక్ తలలో నీళ్లు, అయొడిన్ నింపిన సన్నని గొట్టాలు, పక్కన వాడుకలో ఉన్న కాయిల్స్, క్లిప్పులు పెట్టి, పట్టణంలో మామూలుగా ఉండే 16 స్లైసులు, 64 స్లైసుల సీటీ యంత్రాల్లో తీసి పోల్చడం ఎంటెక్ విద్యార్థి చేయగలిగిన పని. కొత్త అల్గారిథమ్ కనిపెట్టినంత పేరు దానికి రాకపోవచ్చు. పరిశోధన పత్రాల్లో ఎక్కువ భాగం ఆరోగ్యవంతుల స్కాన్లలో కంప్యూటర్‌తో లోహాన్ని అతికించి, దాన్ని తీసేసి చూపినవే. అసలు కాయిల్, అసలు పాతబడ్డ ఎక్స్-రే గొట్టం, అసలు తల కదిపే రోగి ఉన్నచోట ఆ పద్ధతి ఏమవుతుందో చెప్పేవి తక్కువ. దానికి యంత్రం దాచుకునే ముడి కొలతలు కావాలి. కంపెనీలు వాటిని తేలిగ్గా బయటికివ్వవు. ప్రభుత్వ ఆసుపత్రులకు యంత్రాలు కొనేటప్పుడు టెండరులోనే ముడి కొలతలను పరిశోధనకు ఇవ్వాలన్న షరతు, లోహదోష నివారణ సాఫ్ట్‌వేర్‌ను విడిగా అమ్మకుండా యంత్రంతోనే ఇవ్వాలన్న షరతు చేర్చవచ్చు. కొన్న తర్వాత అడిగితే దాని ధర వేరు.

ఇవన్నీ జరగడానికి సమయం పడుతుంది. ఈలోగా తలలో లోహం ఉన్నవారు, వారి ఇంటివారు అడగగలిగినవి కొన్ని ఉన్నాయి. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి నుంచి స్టిక్కర్ నకలు అడిగి తీసుకోవడం, దాన్ని ఫోనులో ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి దగ్గర ఉంచడం. పాత స్కాన్ల సీడీలు, ముఖ్యంగా ఆపరేషన్ అయిన వెంటనే తీసిన డీఎస్ఏ బొమ్మలు పారేయకుండా దాచడం. స్కాన్ రాయించుకునేటప్పుడు చీటీలో ‘తలనొప్పి’ అని మాత్రమే కాకుండా ‘ప్లాటినం కాయిల్ ఉంది, ఎడమవైపు, ఫలానా ఏడాది పెట్టారు, మెడ దగ్గర రక్తం నిండుతోందా చూడాలి’ అని రాయమనడం. అలా రాసిన చీటీ చూసిన రేడియాలజిస్టు సీటీకి బదులు ఎమ్మారై రాయమని ఫోన్ చేసే అవకాశం ఉంది. సీటీయే తీయాల్సి వస్తే, బల్ల మీద పడుకోబెట్టకముందే తల ఎటు వంచాలో ఆలోచిస్తారు.